పాపకు గ్లౌజులు కావాలట!

పుట్టినరోజుకు ఏం కావాలే అని మా పాపను అడిగితే "గ్లౌజులమ్మా" అంది. నాకు నవ్వొచ్చింది. మాది అనంతపురం. చలికాలంలో కూడా మధ్యాహ్నమైతే ఫ్యాను వేసుకునే ఊరు. ఇక్కడ చేతులకు ఉన్ని తొడుగులేమిటి తల్లీ, ఊటీకేమైనా పోతున్నామా అన్నాను. అది నావైపు జాలిగా చూసి "ఆ గ్లౌజులు కాదమ్మా, బాక్సింగ్ గ్లౌజులు" అంది.

పొయ్యి మీద ఉగ్గాని కలుపుతున్న గరిటె అలాగే ఆగిపోయింది.

పాప తొమ్మిదో తరగతి. బడిలో ఆటల మేడమ్ చెప్పారట, సాయంత్రాలు మైదానంలో ఒక మాస్టరు ఆడపిల్లలకు కూడా బాక్సింగ్ నేర్పిస్తున్నారని. నాకు చెప్పకుండానే వారం రోజులు వెళ్ళి చూసొచ్చిందట. చేరాలంటే తల్లో తండ్రో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి లెక్కల పుస్తకంలో దాచుకుంది. నెలాఖరులోగా ఇవ్వాలట.

ఇంట్లో ఎవరి తీర్పు వాళ్ళిచ్చేశారు. మావారు పేపరు మడిచి పక్కన పెట్టి "టెన్త్ అయినాక చూద్దాంలే" అన్నారు. అంటే వద్దని అర్థం. పుస్తకాల్లో దీన్ని ముష్టియుద్ధం అంటారని చెబితే మా అత్త "ముష్టి కోసం కూడా యుద్ధం చేస్తారా?" అని నిజంగానే అడిగింది. ముష్టి అంటే పిడికిలి అని అర్థం చెప్పాను. "ఏదైతేనేం, ఆడపిల్ల ముక్కు పగలగొట్టించుకుని ఇంటికొస్తే పెండ్లెట్ల అయితాది?" అంది. నిజం చెప్పాలంటే నా గుండెలోనూ అదే ముక్కు ఉంది. పెళ్ళి సంగతి తర్వాత. తొమ్మిది నెలలు మోసి కన్న ముఖం మీద ఇంకో పిల్ల గురిచూసి కొడుతుంటే కూర్చుని చూడగలనా? మీరైతే ఏం చేసేవారు?

నేను అవుననలేదు, కాదనలేదు. కథలు రాసే అలవాటు ఉన్నదాన్ని కదా, ఏదైనా అర్థం కాకపోతే నలుగురినీ అడగడం నా జబ్బు. ఆ పది రోజులు కనిపించిన వాళ్ళనల్లా ఒకే ప్రశ్న అడిగాను. నీకు ఇష్టమైన బాక్సర్ ఎవరు, ఎందుకు ఇష్టం?

ఇంతమంది అభిమానులు మా చుట్టూనే ఉన్నారని నాకప్పటిదాకా తెలియదు.

ముందు మావారి సంగతి చెప్పేస్తాను, తొందరగా అయిపోతుంది. ఆయన అభిమాన బాక్సర్ వెంకటేష్! 2017లో వచ్చిన 'గురు' సినిమా మూడుసార్లు చూశారు. "ఆయన అందులో కోచ్ అండీ, ఆడింది రితికా సింగ్" అంటే "అయినా సరే" అన్నారు. నవ్వకండి. మనలో చాలామందికి బాక్సింగ్ అంటే సినిమానే. 1999లో 'తమ్ముడు' చూసి పవన్ కళ్యాణ్‌లా బనీను వేసుకుని మిద్దె మీద గాలిని గుద్దిన కుర్రాళ్ళు మా వీధిలోనే అరడజను మంది. అందులో ఉన్నది కిక్‌బాక్సింగ్ అని, ఇది వేరని వాళ్ళకు ఇప్పటికీ పట్టింపు లేదు. 

అసలైన అభిమాని మా మామ. పాపకు అబ్బ. డెబ్బై దాటిన మనిషి. ఆయన దేవుడి గూటి పక్కన ఒక పాత పత్రికలోంచి కత్తిరించిన ఫోటో ఉంటుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎవరో బంధువుల స్నేహితుడనుకున్నాను! అది మహమ్మద్ ఆలీ.

1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో ఆలీకీ జార్జ్ ఫోర్‌మన్‌కీ జరిగిన పోటీ గురించి మామ హాస్టల్లో ఉండగా పేపర్లో చదివారట. టీవీలు ఎక్కడివి అప్పుడు? చదివిందే సినిమాలా ఊహించుకున్నారు. ఆలీకి 32 ఏళ్ళు, ఫోర్‌మన్‌కు పాతికేళ్ళు. అంతకుముందు ఏడాదే ఫోర్‌మన్ జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేశాడు. ఆ ఫ్రేజియరేమో 1971లో ఆలీని ఓడించినవాడు. ఇక ఆలీ పని అయిపోయిందని లోకమంతా అనుకుంది. ఆలీ ఏం చేశాడంటే, రెండో రౌండు నుంచి రింగు తాళ్ళకు ఆనుకుని, ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. కొట్టుకో అన్నాడు. ఫోర్‌మన్ కొట్టాడు, కొట్టాడు... కొట్టి కొట్టి వాడి చేతులే బరువెక్కిపోయాయి. ఎనిమిదో రౌండులో ఆలీ తాళ్ళు వదిలి ముందుకొచ్చాడు. అంతే, ఫోర్‌మన్ నేల మీద.

"కరువు కూడా ఫోర్‌మన్ మాదిరే అమ్మీ" అన్నారు మామ. "ఎదురుపోతే సంపేస్తాది. తాడుకు ఆనుకుని నిలబడాల. దానికే అలుపొచ్చేదాంకా."

ఆయన ఊరికే అన్నమాట కాదది. మా జిల్లాలో ఏడాదంతా కలిపి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. అదీ కురిస్తే. వానను నమ్మి శెనక్కాయ వేసి, పూతప్పుడు మబ్బు మొహం చాటేస్తే చెట్టు పీకి పశువులకు వేసిన సంవత్సరాలు ఆయనకు వేళ్ళ మీద లెక్క. నాలుగు బోర్లు వేయిస్తే ఒక్కదాంట్లో నీళ్ళు పడ్డాయి. అప్పులవాళ్ళు వరండాలో కూర్చున్న రోజుల్లో కూడా మామ గొంతు పెంచడం నేను చూడలేదు. ఇంత ఓర్పు ఎక్కడిదా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఆయన తాళ్ళకు ఆనుకుని నిలబడ్డారని నాకు ఇన్నేళ్ళకు తెలిసింది.

1980లో ఆలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎలిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. మామకు వెళ్ళాలని ప్రాణం లాగింది. రైలు చార్జీకి, టిక్కెట్టుకు డబ్బుల్లేక ఆగిపోయారు. ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ ముఖం పక్కకు తిప్పుకుంటారు.

అంత అభిమాని కదా, మనవరాలి కాగితం మీద సంతకం పెట్టమని ఆయనే చెబుతారనుకున్నాను. ఆయన చెప్పింది వేరు.

"1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగించడానికి వచ్చినాడే, చూసినావా? చెయ్యి ఎట్ల వణికెనో..." అన్నారు.

ఆలీకి పార్కిన్సన్స్ జబ్బు అని 1984లో బయటపడింది. అప్పటికి ఆయన వయసు 42. ఇక ఆడొద్దని ఆయన దగ్గర పనిచేసిన డాక్టరు ఫెర్డీ పచేకో ముందే చెప్పి, మాట వినకపోయేసరికి 1977లోనే వదిలి వెళ్ళిపోయాడు. ఆలీ మాత్రం 1981 దాకా ఆడుతూనే ఉన్నాడు. 1980లో లారీ హోమ్స్ చేతిలో తిన్న దెబ్బలైతే చూసినవాళ్ళే తట్టుకోలేకపోయారు. 2016లో ఆలీ చనిపోయినప్పుడు మామ ఒక పూట అన్నం ముట్టలేదు. "తాళ్ళకు ఆనుకుని నిలబడితే గెలుస్తాం. కానీ తిన్న దెబ్బలు యాడికీ పోవు, లోపలే ఉంటాయి. నా ఆటను నేను పేపర్లో సూసుకుంటా. పాపకు వద్దు" అన్నారు.

ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. అభిమానంగా చూసేవాడికే ఆట ఖరీదు బాగా తెలుస్తుంది కాబోలు.

ఆదివారం ధర్మవరం వెళితే మా అన్నను అడిగాను. వాడిది మైక్ టైసన్ పిచ్చి. 1986లో ఇరవయ్యేళ్ళకే ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు టైసన్. చిన్నప్పుడు మా ఇంటి గోడ మీద వాడి పోస్టరు. 1997లో హోలీఫీల్డ్ చెవి కొరికాడని పేపర్లో పడ్డప్పుడు మా అమ్మ ఆ పోస్టరు చింపి పొయ్యిలో పెట్టింది. అన్న రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు.

"అత్యాచారం కేసులో 1992లో జైలుకు పోయినోడు. ఇద్దరాడపిల్లల తండ్రివి, ఇంకా ఎట్ల ఇష్టపడతావురా?" అని సూటిగానే అడిగాను. వదిన వంటింట్లోంచి "అట్ల అడుగు వదినా" అంది.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. టైసన్ చిన్నప్పుడు లావుగా, నత్తిగా ఉండేవాడట. వీధి పిల్లలు ఏడిపిస్తే పరుగెత్తేవాడట. వాడు పావురాలు పెంచేవాడు. ఒకడు ఒక పావురం తల తుంచేస్తే, అదిగో ఆ రోజు మొదటిసారి చెయ్యెత్తాడట. ఆ తర్వాత కస్ డామాటో అనే ముసలాయన చేరదీసి ఆట నేర్పాడు. "నాకు పదేండ్ల దాంకా నత్తి. నీకు గుర్తుందా? బడి నుంచి నేను ఏ దారిన వచ్చేవాణ్ణో?" అన్నాడు. గుర్తుంది. చెరువు కట్ట చుట్టూ తిరిగొచ్చేవాడు. మామూలు దారిలో ముగ్గురు పిల్లలు కాచుకుని ఉండేవాళ్ళు.

అన్న అభిమానం ఎక్కడ పుట్టిందో అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోను. పావురం కోసం లేచిన చెయ్యి ఒకటి, తర్వాత ఆడపిల్ల జోలికి వెళ్ళిన చెయ్యి ఒకటి అని విడదీయడం నాకు చేతకాదు. ఆ పోస్టరు మా ఇంట్లో ఉంటే నేనూ చింపేదాన్నే. ఆ మాటే వాడితో అన్నాను. వాడు 2022లో 'లైగర్' సినిమాలో టైసన్‌ను చూసి తనకే బాధేసిందని మాట మార్చేశాడు.

ఇక నా సంగతి. నాది మేరీ కోమ్.

మణిపూర్‌లో కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టిన పిల్ల. 1998 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో తమ రాష్ట్రం కుర్రాడు డింకో సింగ్ బంగారు పతకం తెచ్చేసరికి తనూ బాక్సింగ్ వైపు మళ్ళింది. ఇంట్లో చెప్పకుండా నేర్చుకుంది. 2000లో రాష్ట్ర ఛాంపియన్ అయితే పేపర్లో ఫోటో పడింది, అట్లా తండ్రికి తెలిసింది. 2002లో టర్కీలోని అంటాల్యాలో మొదటి ప్రపంచ స్వర్ణం. 2018 వచ్చేసరికి మొత్తం ఆరు.

నేను అభిమానించింది ఆ ఆరింటికీ కాదు. 2007 ఆగస్టు 5న ఆమెకు కవలలు పుట్టారు. 2008లో మళ్ళీ ప్రపంచ స్వర్ణం గెలిచింది. ఆడవాళ్ళ బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లో మొట్టమొదట చేర్చింది 2012లో లండన్‌లో. అందులో ఆమె ఆడే 48 కిలోల తరగతి లేదు. తనకంటే పెద్ద ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్ళతో 51 కిలోల్లో ఆడింది. మొదటి పోటీ ఆగస్టు 5న. పిల్లల అయిదో పుట్టినరోజు నాడు! తల్లి లండన్‌లో రింగులో ఉంది, పిల్లలు ఇంటి దగ్గర. సెమీఫైనల్లో నికోలా ఆడమ్స్ చేతిలో 6-11తో ఓడి కాంస్యం తెచ్చింది. అప్పుడు మా పాప నా ఒళ్ళో పాలు తాగుతోంది. పెళ్ళికి ముందు రాసిన కథల కట్ట అటక మీద ఉంది. పిల్ల పుట్టాక ఇంకేం రాస్తావులే అని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. ఆ రాత్రి పాపను పడుకోబెట్టి రెండు పేజీలు రాశాను. గొప్ప కథేమీ కాదు. తిరిగొచ్చింది కూడా! కానీ రాశాను.

ఎదురింటి టైలరక్క నా మాట సగంలోనే ఆపేసింది. "నీ మేరీ కోమ్ గొప్పదే. కానీ మా నిఖత్‌కు చెయ్యి ఇవ్వలేదు కదా ఆ రోజు?" అంది. అయిదారేళ్ళ క్రితపు పోట్లాట మళ్ళీ లేచింది.

మీకు గుర్తుండే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలకు 51 కిలోల్లో మేరీ కోమ్‌ను నేరుగా పంపే ఆలోచన వచ్చినప్పుడు, నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ తనకూ ఒక అవకాశం ఇవ్వాలని, ట్రయల్ పెట్టాలని బహిరంగంగా అడిగింది. అంత పెద్ద ఛాంపియన్‌ను పట్టుకుని ఈ పిల్ల ఇంత మాటంటుందా అని నాకే కోపం వచ్చింది. 2019 డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. ఆట అయ్యాక చెయ్యి కలపకుండా వెళ్ళిపోయింది. నేను చప్పట్లు కొట్టాను, అక్క వాళ్ళింటి తలుపేసుకుంది. జాకెట్లు కుట్టడానికి వారం ఆలస్యం చేసింది కూడా!

ఇప్పుడు ఆలోచిస్తే అక్కదే న్యాయం అనిపిస్తుంది. ఆ పిల్ల అడిగింది పతకం కాదు, పోటీ. గెలిచినవాళ్ళు ఒక చెయ్యి కలిపితే పోయేదేముంది?

"నాకు నిఖత్ కంటే వాళ్ళ నాయనంటే ఇష్టం" అంది అక్క, కాజాలు కుడుతూనే. నలుగురు ఆడపిల్లల్లో మూడోది నిఖత్. తండ్రి జమీల్ అహ్మద్ తనూ ఆటగాడే. ముందు పరుగు పందేలకు తీసుకెళ్ళాడు. మైదానంలో బాక్సింగ్ నేర్చుకునే చోట ఒక్క ఆడపిల్లా లేకపోతే, ఆడపిల్లలు ఇది ఆడకూడదా అని అడిగిందట నిఖత్. ఆయన తీసుకెళ్ళి చేర్పించాడు. నిక్కర్లు వేసుకుని ఆడటమేమిటని బంధువులంటే ఆయన అడ్డు నిలబడ్డాడు. కన్ను వాచి ఇంటికొచ్చిన రోజు తల్లి ఏడ్చిందట, నిన్నెవరు చేసుకుంటారే అని. (మా అత్త ఒక్కతే కాదన్నమాట!) 2011లో అదే అంటాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం, 2017లో భుజం గాయంతో చాలా నెలలు ఇంట్లోనే, 2019లో ఆ ఓటమి, 2022 మే 19న ఇస్తాంబుల్‌లో ప్రపంచ స్వర్ణం, 2023లో ఢిల్లీలో మరొకటి. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో రెండో పోటీలోనే ఓడి ఏడ్చింది. "ఆ రోజు నేనూ మిషన్ తొక్కలేదు" అంది అక్క. అక్కకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దదాన్ని ఇంటర్ మాన్పించి పెళ్ళి చేశారు. అక్క ఒప్పుకోలేదు, కానీ ఆపలేకపోయింది. ఆ సంగతి ఆ రోజు మా ఇద్దరి మధ్యా రాలేదు. రావాల్సిన పనీ లేదు.

ఇంతమందిని అడిగానా, ఒక్కరూ "బాగా కొడతాడు కాబట్టి" అనలేదు. మామ నిలబడటం గురించి చెప్పారు. అన్న పరుగు ఆపడం గురించి, అక్క అడ్డం నిలబడ్డ తండ్రి గురించి, నేను తిరిగి రావడం గురించి. ఎవరికి తగిలిన దెబ్బ చోట వాళ్ళ బాక్సర్ ఉన్నాడు.

అప్పుడు తోచింది, అసలు మనిషిని అడగనే లేదని.

నెలాఖరుకు రెండు రోజుల ముందు పాపతో పాటు మైదానానికి వెళ్ళాను. ఎర్రటి దుమ్ము, సాయంకాలపు గాలి. రింగు లేదు. నేల మీద సున్నంతో గీసిన చదరం. పదిహేను మంది పిల్లల్లో అయిదుగురు ఆడపిల్లలు. మాస్టరుతో మాట్లాడాను. చేరిన వెంటనే కొట్టుకోవడం ఉండదని, నెలల తరబడి అడుగులు, తాడాట, గాలిలో గుద్దులే అని, ఎదురెదురుగా ఆడినప్పుడు తలకు తొడుగు, పంటికి గార్డు తప్పనిసరి అని చెప్పారు. మగవాళ్ళు 2016 రియో నుంచి తల తొడుగు లేకుండా ఆడుతున్నా, ఆడవాళ్ళకు 2024 పారిస్‌లో కూడా ఉంది. అయితే తొడుగు వల్ల చర్మం చిట్లకుండా ఉంటుందే తప్ప లోపల మెదడు అదరడం పూర్తిగా ఆగదని కూడా ఆయనే చెప్పారు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద నమ్మకం కలిగింది. భయం మాత్రం తగ్గలేదు.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను. "నీ ఫేవరెట్ ఎవరే? నిఖతా?"

"నిఖతక్క ఇష్టమే. కానీ ఫేవరెట్ వేరేవాళ్ళు. నీకు తెలీదులే."

"చెప్పు."

"ఇందాక చూశావే, ఎర్ర టీషర్టు అక్క. బస్సులో పల్లె నుంచి వస్తుంది. రెండు పోటీలకు పోయింది, రెండూ ఓడిపోయింది."

"ఓడిపోయినామెను ఎందుకే?"

"దెబ్బ మీదికొచ్చేటప్పుడు అందరూ కళ్ళు మూసుకుంటారమ్మా. నేను గోడకు బంతి కొట్టి చూసుకున్నా, మూసేస్తున్నా. ఆ అక్క మూసుకోదు. చూస్తానే ఉంటుంది. నాకు అది నేర్చుకోవాలని ఉంది."

ఇంటికొచ్చే వరకు ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి అందరూ పడుకున్నాక లెక్కల పుస్తకంలోంచి కాగితం తీశాను. మావారు పక్కకు తిరిగి "పెట్టేశావా?" అన్నారు. పెట్టేశానన్నాను. "సరే, పెన్ను ఇటివ్వు" అని తన సంతకం కూడా కింద పెట్టారు. రెండు సంతకాలు అక్కర్లేదు. అయినా ఉండనిమ్మన్నాను.

ఇప్పటికి మూడు నెలలైంది. మామ నాతో రెండు వారాలు ముభావంగా ఉన్నారు. తర్వాత ఒక సాయంత్రం చేతికర్ర పట్టుకుని తనే మైదానానికి వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారట. మాస్టరును పిలిచి తల తొడుగు పట్టీ వదులుగా ఉంది, సరిచేయమన్నారట. ఇప్పుడు రోజూ వెళుతున్నారు. పిల్లలు తాడాడేంత సేపు ఉంటారు. ఎదురెదురుగా నిలబడి ఆట మొదలెట్టగానే లేచి ఇంటికొచ్చేస్తారు.

నా వంతు పని ఇంకోటి పెరిగింది. గ్లౌజుల లోపల చేతులకు చుట్టుకునే పొడవాటి గుడ్డ పట్టీలు రోజూ ఉతకాలి, లేకపోతే చెమట కంపు. నిన్న వాటిని దండెం మీద ఆరేస్తుంటే పూలమ్మే అవ్వ గేటు దగ్గర ఆగింది. ఆ తెల్లటి పట్టీలను ఈ చివర నుంచి ఆ చివరికి చూసి "అయ్యో అమ్మీ, ఇంత కట్టు కట్టినారే, ఎవరికి తగిలింది దెబ్బ?" అంది.

"ఇంకా ఎవరికీ తగల్లేదవ్వా" అన్నాను, రెండు మూరల పూలు తీసుకుంటూ.